ఒకే ఇంటి నుంచి పదేపదే వచ్చే అత్యవసర కాల్స్: దాంపత్య హింస – నమోదు, భాష, స్పందన

వ్యాస సంగ్రహం:

భర్త చేతిలోగాని, సహజీవన భాగస్వామి చేతిలోగాని హింసకు గురవుతున్న స్త్రీలు అత్యవసర సహాయం కోసం ఒక్కసారి కాక అనేక పర్యాయాలు ఫోన్ చేయవలసి రావడం ప్రపంచమంతటా కనిపించే విషయం. అయితే ప్రతి కాల్‌నూ విడి సంఘటనగా నమోదు చేసే పద్ధతి వల్ల వాటి వెనుక ఉన్న ఒకే హింసాక్రమం అధికారుల దృష్టికి రాకుండా పోతున్నది. పదేపదే వచ్చే కాల్‌ను విసుగు కలిగించే పునరుక్తిగా కాక, పెరుగుతున్న ప్రమాదానికి సూచనగా గ్రహించవలసిన అవసరాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. అమెరికా, బ్రిటన్ దేశాల్లో జరిగిన అధ్యయనాలను, ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తీర్పును, భారతదేశంలోని గృహహింస నిరోధక చట్టాన్ని, ఈ విషయంలో తెలుగు వాడుక మాటలు నిర్వహిస్తున్న పాత్రను ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: దాంపత్య హింస, అత్యవసర కాల్, పునరావృతి, గృహహింస చట్టం 2005, రాజీ, నమోదు భాష.

1. ఉపోద్ఘాతం:

దేశమంతటికీ ఉద్దేశించిన 112 నంబరు, ప్రజలకు చిరకాలంగా అలవాటైన 100 నంబరు, స్త్రీల కోసం ప్రత్యేకించిన 181 నంబరు నేడు ఆపదలో ఉన్నవారికి అందుబాటులో ఉన్నాయి. ఇల్లు అంటుకుందని వచ్చే కాల్‌కూ, భర్త కొడుతున్నాడని భార్య చేసే కాల్‌కూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. మంట ఆరిపోయాక ఆ ఇంటి నుంచి మళ్ళీ కాల్ రావలసిన అవసరం సాధారణంగా ఉండదు. దాంపత్య హింసలో మాత్రం పోలీసులు వచ్చి వెళ్ళిన తరువాత కూడా కొట్టిన వ్యక్తి, దెబ్బలు తిన్న వ్యక్తి ఒకే ఇంట్లో మిగిలిపోతారు. కాబట్టి రెండో కాల్, మూడో కాల్ వచ్చే అవకాశం ఈ సమస్య స్వభావంలోనే ఉంది.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన దేశంలో వివాహితులైన 18–49 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మంది భర్త వల్ల శారీరక లేదా లైంగిక హింసను ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొన్నారు. ఇది తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 30 శాతం. హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతమే. 77 శాతం మంది ఎవరి సహాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. సహాయం కోరినవారిలో కూడా అధికులు ఆశ్రయించింది పుట్టింటివారినే. పోలీసుల వరకు వెళ్ళేవారు బహు కొద్దిమంది. అటువంటి పరిస్థితిలో అత్యవసర నంబరుకు ఫోన్ చేసిన స్త్రీ ఎన్నో సంకోచాలను దాటి వచ్చినట్లే లెక్క. ఆమె రెండోసారి కూడా ఫోన్ చేసిందంటే, మొదటి అనుభవం ఎలా ఉన్నప్పటికీ ఆ వ్యవస్థపై ఇంకా కొంత నమ్మకం మిగిలి ఉన్నదని అర్థం. ఆ నమ్మకాన్ని వ్యవస్థ ఏ విధంగా స్వీకరిస్తున్నదన్నదే ఇక్కడ ప్రధాన ప్రశ్న.

గృహహింస అనే మాటకు పరిధి విస్తృతం. అత్తమామలు, ఆడబిడ్డలు, మరుదులు తదితరుల వల్ల కలిగే హింస కూడా అందులో చేరుతుంది. ఈ వ్యాసం భర్త లేదా భాగస్వామి వల్ల స్త్రీకి కలిగే హింసకే పరిమితం. దానినే ఇక్కడ దాంపత్య హింస అని వ్యవహరించడం జరిగింది.

2. నమోదులో ఐదు సంఘటనలు, వాస్తవంలో ఒక ఇల్లు:

విషయ స్పష్టత కోసం ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకోవచ్చు. ఒక పట్టణంలో రెండు పోర్షన్ల అద్దె ఇల్లు. వెనుక పోర్షన్‌లో ఉంటున్న స్త్రీ ఒక రాత్రి తన ఫోన్ నుంచే 100కు కాల్ చేస్తుంది. గస్తీ పోలీసులు వచ్చి భర్తను మందలించి వెళతారు. నెల తరువాత ఆమె ఫోన్‌ను భర్త పగులగొడతాడు. అప్పుడు కాల్ చేసేది ముందు పోర్షన్‌లో ఉన్న ఇల్లాలు. మూడోసారి తండ్రి ఫోన్ నుంచి తొమ్మిదేళ్ళ కొడుకు కాల్ చేసి, మాట పూర్తి కాకుండానే పెట్టేస్తాడు. తిరిగి ఫోన్ చేస్తే తండ్రి తీసి, పిల్లవాడు ఆడుకుంటూ నొక్కాడని చెబుతాడు. నాలుగోసారి ఆమె పుట్టింటికి వెళ్ళి, అన్న ఫోన్ నుంచి 181కు చేస్తుంది. ఐదో సమాచారం ఆసుపత్రి నుంచి వస్తుంది. మెట్ల మీద నుంచి జారిపడినట్లు అక్కడ రాసి ఉంటుంది.

నమోదులో ఇవి ఐదు వేర్వేరు సంఘటనలు. నంబర్లు వేరు, ఫోన్ చేసినవారు వేరు, స్వీకరించిన సంస్థలు కూడా వేరు. రెండింటిలో ‘కుటుంబ కలహం’ అనీ, ఒకదానిలో ‘పొరపాటు కాల్’ అనీ, ఒకదానిలో ‘సలహా ఇవ్వడమైనది’ అనీ, చివరిదానిలో ‘ప్రమాదవశాత్తు గాయం’ అనీ ఉంటుంది. ఐదింటినీ ఒక్కచోట చేర్చి చదివితే ఏ సాధారణ పాఠకునికైనా జరుగుతున్నదేమిటో బోధపడుతుంది. విడివిడిగా చదివితే ఎంత సమర్థుడైన అధికారికైనా బోధపడదు. ఐదో కాల్‌కు స్పందించి వెళ్ళే ఉద్యోగి ఆ ఇంటికి మొదటిసారి వెళుతున్నట్లే వెళతాడు. ఆమె మాత్రం ఐదోసారి చెబుతున్నది. ఆమెకున్న అనుభవానికీ, వ్యవస్థకున్న జ్ఞాపకానికీ మధ్య ఉన్న ఈ అంతరమే సమస్యకు కేంద్రం.

3. పూర్వ అధ్యయనాలు తెలిపిన విషయాలు:

ఈ అంతరాన్ని తొలిసారిగా అంకెలలో చూపిన అధ్యయనాలలో అమెరికాలోని పోలీస్ ఫౌండేషన్ 1977లో ప్రచురించిన నివేదిక ముఖ్యమైనది. డెట్రాయిట్, కాన్సస్ సిటీ నగరాల పోలీసు రికార్డులు దీనికి ఆధారం. కాన్సస్ సిటీలో కుటుంబ సంబంధమైన హత్యలు, తీవ్రమైన దాడులు జరిగిన చిరునామాలను పరిశోధకులు వెనక్కి వెళ్ళి పరిశీలించారు. ఆ దుర్ఘటనలకు ముందు రెండేళ్ళలో సుమారు 85 శాతం కేసులలో పోలీసులు ఆ చిరునామాకు కనీసం ఒక్కసారి వెళ్ళారు. సుమారు సగం కేసులలో ఐదుసార్లు లేదా అంతకుమించి వెళ్ళారు. అంటే ఆ దుర్ఘటనలలో అధికభాగం అకస్మాత్తుగా జరిగినవని చెప్పడానికి వీలు లేకపోయింది.

అయితే ఈ అంకెలను జాగ్రత్తగా అన్వయించుకోవాలి. ఆ అధ్యయనం లెక్కించింది చిరునామాలను మాత్రమే. ఒక చిరునామాలో అనేక కుటుంబాలు నివసించే భవనం ఉండవచ్చు. ముందు వచ్చిన కాల్స్ వేరే కుటుంబానివి కావచ్చు. అమెరికన్ నేరశాస్త్రవేత్త లారెన్స్ షెర్మన్ తరువాతి కాలంలో ఈ పరిమితిని ఎత్తిచూపారు. పైగా తరచుగా కాల్స్ వచ్చే ఇళ్ళలో అత్యధికభాగం హత్య వరకు వెళ్ళవు. కాబట్టి కాల్స్ సంఖ్య ఒక్కదానినే ఆధారం చేసుకొని ఏ ఇంట్లో ప్రాణహాని జరుగుతుందో జోస్యం చెప్పడం సాధ్యం కాదు. ఎక్కడ మరింత శ్రద్ధగా విచారించాలో మాత్రం ఆ సంఖ్య చెప్పగలదు.

షెర్మన్, అతని సహపరిశోధకులు 1989లో ప్రచురించిన మరో అధ్యయనం మినియాపోలిస్ నగరానికి సంబంధించినది. ఆ నగరంలో సుమారు 3 శాతం స్థలాల నుంచే పోలీసులకు వచ్చిన కాల్స్‌లో దాదాపు సగం వచ్చినట్లు అందులో తేలింది. సహాయం కోసం వచ్చే కాల్స్ నగరమంతటా సమానంగా వ్యాపించి ఉండవనీ, కొద్ది చోట్లనే పేరుకుపోతాయనీ దీనివల్ల స్పష్టమైంది. పదేపదే కాల్ వచ్చే కొద్ది ఇళ్ళపై శ్రద్ధ పెట్టడం అసాధ్యమైన భారం కాదన్న విషయం కూడా దీని నుంచి గ్రహించవచ్చు.

పోలీసులు వెళ్ళినప్పుడు ఏం చేస్తే హింస పునరావృతం కాకుండా ఉంటుందన్న ప్రశ్నకు అదే నగరంలో 1981–82లో షెర్మన్, రిచర్డ్ బెర్క్ ఒక ప్రయోగం చేశారు. స్వల్ప స్థాయి దాడి కేసులలో అరెస్టు, సలహా, నిందితుణ్ణి కొన్ని గంటలపాటు ఇంటి నుంచి పంపివేయడం అనే మూడు చర్యలను యాదృచ్ఛికంగా అమలుపరచి, ఆరు నెలలు గమనించారు. పోలీసు రికార్డుల ప్రకారం అరెస్టు జరిగిన కేసులలో 10 శాతం, సలహా ఇచ్చిన వాటిలో 19 శాతం, బయటకు పంపిన వాటిలో 24 శాతం పునరావృతి కనిపించింది. ఆ తరువాత ఇతర నగరాలలో చేసిన ప్రయోగాలు ఇంత స్పష్టమైన ఫలితాన్ని ఇవ్వలేదు. కొన్ని నగరాలలో ఉద్యోగం లేని నిందితుల విషయంలో అరెస్టు తరువాత హింస పెరిగినట్లు కూడా తేలింది. ఒకే చర్య అన్ని ఇళ్ళకూ సరిపడదనీ, ఆ ఇంటి పూర్వ చరిత్ర తెలియకుండా తీసుకునే నిర్ణయం ఎదురుతిరిగే ప్రమాదం ఉందనీ ఈ అధ్యయనాలు కలిసి సూచిస్తున్నాయి.

4. మళ్ళీ ఫోన్ చేయడానికి, ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి కారణాలు:

‘అంత బాధపడే మనిషి కేసు ఎందుకు పెట్టదు? పెట్టి ఎందుకు వెనక్కి తీసుకుంటుంది? తీసుకుని మళ్ళీ ఎందుకు ఫోన్ చేస్తుంది?’ అనే ప్రశ్నలు తరచుగా వినిపిస్తాయి. అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లెనోర్ వాకర్ 1979లో ప్రతిపాదించిన హింసాచక్రం వీటికి కొంత సమాధానం ఇస్తుంది. ఉద్రిక్తత పేరుకోవడం, హింస బద్దలవడం, పశ్చాత్తాపంతో కూడిన ప్రశాంతత అనే మూడు దశలు ఒకదాని వెంట ఒకటి తిరుగుతుంటాయని ఆమె వివరించారు. ఫోన్‌కాల్ రెండో దశలో వస్తుంది. పోలీసు విచారణ, కౌన్సెలింగ్ జరిగే సమయానికి ఇల్లు మూడో దశలోకి వచ్చి ఉంటుంది. భర్త కాళ్ళావేళ్ళా పడతాడు, పెద్దలు పూచీ ఇస్తారు, ఆమె సంతకం పెడుతుంది. అన్ని కుటుంబాలలోనూ హింస ఈ క్రమంలోనే సాగుతుందని చెప్పలేం. ప్రశాంతతకు తావే లేకుండా నిరంతర అదుపాజ్ఞలతో సాగే హింస కూడా ఉంది. ఎవరితో మాట్లాడాలో, ఎంత ఖర్చు పెట్టాలో, ఎక్కడికి వెళ్ళాలో శాసించే ఆ విధానాన్ని ఇవాన్ స్టార్క్ 2007లో వెలువరించిన తన గ్రంథంలో విశ్లేషించారు. ఇంగ్లండ్, వేల్స్ ప్రాంతాలలో 2015 చట్టం దానిని నేరంగా గుర్తించింది.

మానసిక కారణాలకంటె బరువైనవి భౌతిక కారణాలు. భర్తను అరెస్టు చేస్తే ఆ నెల అద్దె ఎవరు కడతారు, పిల్లల ఫీజు ఎవరు చెల్లిస్తారు అన్నవి ఆమె ముందున్న ప్రశ్నలు. పుట్టింటివారు ఎన్నాళ్ళు ఆదరిస్తారో తెలియదు. భర్త బెయిలుపై తిరిగివస్తే ఏమవుతుందో తెలియదు. విడిపోయే సమయమే స్త్రీ ప్రాణానికి అత్యంత ప్రమాదకరమైన దశ అని అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం చేసిన పరిశోధనలు నిరూపించాయి. అందువల్ల ఇల్లు విడిచి వెళ్ళకపోవడం ప్రతిసారీ అమాయకత్వం కాదు. ఆ పూటకు ప్రాణం కాపాడుకునే మార్గంగా ఆమె ఎంచుకున్నదీ కావచ్చు. ఆమె అత్యవసర నంబరుకు ఫోన్ చేసినప్పుడు కోరుతున్నది సాధారణంగా ఆ క్షణంలో దెబ్బలు ఆగడాన్ని. కేసు, కోర్టు, విడాకులు అనేవి ఆ తరువాత ఆలోచించవలసిన విషయాలు. ఆ రెండింటినీ కలిపి, ‘కేసు పెట్టకపోతే ఫోన్ ఎందుకు చేశావు?’ అని అడగడం అసంబద్ధం.

5. మాట – నమోదు:

అత్యవసర కాల్ మొదట మాట. స్వీకరించే వ్యక్తి దానిని ఒక వర్గంలో చేర్చినప్పుడు అది నమోదు అవుతుంది. ఈ మార్పిడిలో భాష నిర్వహించే పాత్ర సామాన్యమైనది కాదు. తెలుగు సమాజంలో దాంపత్య హింసను సూచించడానికి ఎక్కువగా వాడే పదాలు ‘గొడవ’, ‘తగువు’, ‘కలహం’. ఈ మూడూ ఇద్దరి మధ్య సమానంగా జరిగే చర్యను తెలిపే పదాలు. ‘మొగుడు కొట్టాడు’ అన్న వాక్యంలో కర్త, కర్మ స్పష్టంగా ఉన్నాయి. ‘మొగుడూ పెళ్ళాల గొడవ’ అనగానే కొట్టినవారు, దెబ్బలు తిన్నవారు అనే భేదం మాయమవుతుంది. కాల్‌లో కర్తృత్వం ఉన్న వాక్యం నమోదులో కర్తృత్వం లేని పదబంధంగా మారుతున్నదన్నమాట.

‘రాజీ’, ‘సర్దుకుపోవడం’ అనే మాటల విషయం కూడా ఇటువంటిదే. సర్దుకుపోవడం అనే క్రియను వాడుకలో ఎక్కువగా భార్యకే అన్వయిస్తారు. ‘ఉభయులు రాజీ పడినారు’ అని రాసిన కాగితం ఆ సంఘటనకు ముగింపు పలుకుతుంది. ఆ ఇంటికి ముందు ఎన్ని రాజీలు జరిగాయో ఆ కాగితం చెప్పదు. వరుసగా నాలుగు రాజీలు జరిగిన ఇంట్లో ఐదో రాజీకి విలువ ఎంత అని అడగడానికి ఆ నాలుగూ ఒకచోట కనిపించాలి.

సామెతలు మరొక కోణాన్ని చూపుతాయి. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న సామెత ఇంటి సంగతి బయటపెట్టడాన్ని వినాశ హేతువుగా చెబుతుంది. ‘మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు’ అన్న సామెతలో దెబ్బ సహజమైన విషయంగా, పరువు పోవడం అసలు బాధగా నిలుస్తుంది. ఈ భావనల మధ్య పెరిగిన స్త్రీ వీధిలోకి పోలీసు వాహనం రావడానికి సిద్ధపడి ఫోన్ చేయడం చిన్న విషయం కాదు. అటువంటి స్త్రీకి ‘మళ్ళీ మీరేనా అమ్మా?’ అన్న ప్రశ్న ఎదురైతే, పైకి మర్యాదగానే వినిపించినా, ఆమెకు అందే అర్థం ‘ఇక చేయవద్దు’ అనే. ఆ తరువాత కాల్స్ ఆగిపోతే రికార్డులో అది సమస్య పరిష్కారమైనట్లు కనిపిస్తుంది. హింస ఆగినందువల్ల కలిగిన నిశ్శబ్దానికీ, ఆశ ఉడిగినందువల్ల కలిగిన నిశ్శబ్దానికీ కాల్స్ లెక్కలో తేడా తెలియదు.

6. పునరావృత కాల్స్‌పై మూడు దృక్పథాలు:

పదేపదే వచ్చే కాల్స్‌ను వివిధ దేశాలు మూడు విధాలుగా స్వీకరించాయి.

6.1 ఉపద్రవంగా చూడడం: అమెరికాలోని అనేక పట్టణాలు, పోలీసులను తరచుగా పిలిచే ఇళ్ళను ఉపద్రవ గృహాలుగా ప్రకటించి, ఇంటి యజమానికి జరిమానా విధించే స్థానిక నిబంధనలు చేసుకున్నాయి. మాదకద్రవ్యాల విక్రయం వంటివాటిని అదుపు చేయడం వీటి ఉద్దేశం. మిల్వాకీ నగరంలో ఈ నిబంధన కింద జారీ అయిన నోటీసులను మాథ్యూ డెస్మండ్, నికోల్ వాల్డెజ్ పరిశీలించి 2013లో ఫలితాలను ప్రచురించారు. నోటీసులలో దాదాపు మూడోవంతుకు దాంపత్య హింసే కారణమని తేలింది. ఇంటి యజమానులలో అధికులు ఆ అద్దెదారును ఖాళీ చేయించడమో, ఖాళీ చేయిస్తామని బెదిరించడమో చేశారు. ఫలితంగా దెబ్బలు తినే స్త్రీ దెబ్బలకూ, నిలువ నీడ పోగొట్టుకోవడానికీ మధ్య ఒకటి ఎంచుకోవలసి వచ్చింది. 2022లో పునరుద్ధరించిన స్త్రీలపై హింస నిరోధక సమాఖ్య చట్టం, తన ఇంటి నుంచి పోలీసుల సహాయం కోరే హక్కుకు రక్షణ కల్పించింది.

6.2 హెచ్చరికగా చూడడం: బ్రిటన్‌లోని లీడ్స్ నగరంలో కిల్లింగ్‌బెక్ పోలీసు విభాగం 1997లో ఒక పద్ధతిని అమలుపరచింది. ఒక ఇంటికి పోలీసులు వెళ్ళడం ఎన్నోసారి అన్నదానిని బట్టి స్పందన స్థాయి పెరుగుతుంది. మొదటిసారి సమాచారం, హెచ్చరిక లేఖలు. తరువాత ఆ వీధిలో గస్తీ, బాధితురాలి సమ్మతితో ఇరుగుపొరుగువారిని అప్రమత్తం చేయడం. ఇంకా కొనసాగితే అత్యవసర మీట వంటి రక్షణ సాధనాలు. నిందితునిపై చర్యలు కూడా అదే క్రమంలో బిగుసుకుంటాయి. ఈ పద్ధతి వల్ల పునరావృత కాల్స్ తగ్గాయనీ, కాల్స్ మధ్య వ్యవధి పెరిగిందనీ దానిని మూల్యాంకనం చేసిన నివేదిక పేర్కొన్నది. వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో 2003లో మొదలైన మరొక పద్ధతిలో, తీవ్ర ప్రమాదంలో ఉన్న స్త్రీల గురించి పోలీసులు, వైద్యశాఖ, గృహవసతి శాఖ, సహాయ సంస్థలు క్రమం తప్పకుండా ఒకచోట చేరి తమ తమ సమాచారాన్ని కలబోసుకుంటాయి. పై ఉదాహరణలోని ఐదు సంఘటనలు ఒక బల్ల మీదికి వచ్చేది ఇటువంటి సమావేశంలోనే.

6.3 ప్రభుత్వ బాధ్యతగా చూడడం: ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2009లో ‘ఓపుజ్ వర్సెస్ టర్కీ’ కేసులో వెలువరించిన తీర్పు ఈ విషయంలో ప్రమాణంగా నిలిచింది. ఒక స్త్రీ, ఆమె తల్లి ఏళ్ళ తరబడి ఫిర్యాదులు చేశారు. బెదిరింపుల మధ్య వాటిని పలుమార్లు వెనక్కి తీసుకున్నారు. చివరికి 2002లో ఆ స్త్రీ భర్త అత్తను హత్య చేశాడు. ఫిర్యాదులు ఉపసంహరించుకున్నారు కాబట్టి చేయగలిగింది లేదన్న ప్రభుత్వ వాదాన్ని న్యాయస్థానం అంగీకరించలేదు. హింస క్రమంగా తీవ్రమవుతున్నదని అధికారులకు తెలిసినప్పుడు, ఉపసంహరణ జరిగినా కేసు కొనసాగించవలసిన అవసరాన్ని వారు పరిశీలించి ఉండవలసిందని స్పష్టం చేసింది. జీవించే హక్కు, హింసకు గురికాకుండా ఉండే హక్కు, వివక్షకు లోనుకాని హక్కు ఉల్లంఘనకు గురైనట్లు నిర్ధారించింది.

7. భారతీయ చట్టంలో ఉన్న అవకాశం:

పై పద్ధతులన్నీ విదేశాలవి. అయితే విడి సంఘటనలను కలిపి చదవడానికి కావలసిన ఆధారం మన చట్టంలోనే ఉంది. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ చట్టం 2005లో ఆమోదం పొంది, 2006 అక్టోబర్ 26న అమలులోకి వచ్చింది. ఫిర్యాదు అందుకున్న పోలీసు అధికారి బాధితురాలికి ఆమె హక్కులను, రక్షణాధికారి సేవలను, ఉచిత న్యాయ సహాయాన్ని తెలియజేయాలని ఐదో సెక్షన్ నిర్దేశిస్తుంది. అంటే పోలీసులు మందలించి వెళ్ళిపోయిన సందర్భంలో కూడా ఈ బాధ్యత మిగిలే ఉంటుంది.

ఈ చట్టం ప్రవేశపెట్టిన గృహహింస సంఘటన నివేదికను వాడుకలో డి.ఐ.ఆర్. అంటారు. ఇందులో ఒక్క సంఘటనను కాక, హింస జరిగిన తేదీలను, వేళలను, స్థలాలను, హింస రూపాలను క్రమంగా రాయడానికి వీలుంది. న్యాయమూర్తి ఉత్తర్వు జారీ చేసే ముందు, తనకు అందిన నివేదికను పరిగణనలోకి తీసుకోవాలని పన్నెండో సెక్షన్ చెబుతుంది. 2006 నియమావళిలోని తొమ్మిదో నియమం అత్యవసర పరిస్థితికి సంబంధించినది. హింస జరుగుతున్నదనిగాని, జరగబోతున్నదనిగాని ఫోన్ ద్వారా నమ్మదగిన సమాచారం అందితే, రక్షణాధికారి పోలీసుల సహాయంతో ఆ స్థలానికి వెళ్ళి నివేదిక నమోదు చేసి, ఆలస్యం లేకుండా న్యాయమూర్తికి సమర్పించాలి. ఫోన్‌కాల్‌ను న్యాయస్థానంతో కలిపే వంతెన ఈ నియమం. బాధితురాలి భయాలను, కావలసిన జాగ్రత్తలను రాసుకునే భద్రతా ప్రణాళిక పత్రం కూడా ఆ నియమావళిలో ఉంది.

రక్షణ ఉత్తర్వు వెలువడిన తరువాత పరిస్థితి మరింత స్పష్టం. ఆ ఉత్తర్వును ఉల్లంఘించడం ముప్పై ఒకటో సెక్షన్ ప్రకారం నేరం. ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇది వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా లభించని నేరం. కాబట్టి ఉత్తర్వు ఉన్న ఇంటి నుంచి వచ్చే కాల్ ‘మళ్ళీ అదే గొడవ’ కానేరదు. అది కొత్త నేరం గురించిన సమాచారం. అయితే ఆ ఇంటికి ఉత్తర్వు ఉన్నదన్న సంగతి గస్తీ వాహనంలోని ఉద్యోగికి ఆ క్షణంలో తెలిసినప్పుడే ఈ నిబంధన ఫలిస్తుంది.

భర్త, అతని బంధువుల క్రూరత్వానికి సంబంధించిన భారతీయ శిక్షాస్మృతి 498ఎ సెక్షన్ 1983లో చేరింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు దాని స్థానంలో ఉన్నాయి. వైవాహిక వివాదాలలో ఎఫ్.ఐ.ఆర్.కు ముందు ప్రాథమిక విచారణ జరపవచ్చని లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లో పేర్కొన్నది. అరెస్టు యాంత్రికంగా జరగరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. ఈ తీర్పులు చట్ట దుర్వినియోగాన్ని, అనవసరమైన అరెస్టులను దృష్టిలో పెట్టుకున్నవి. అరెస్టు అవసరమా కాదా అని నిర్ణయించడానికి కారణాలు రాయాలన్నప్పుడు, ఆ ఇంటి నుంచి ముందు వచ్చిన కాల్స్ చరిత్రకు మించిన ఆధారం అరుదు. కాబట్టి చరిత్రను ఒకచోట చేర్చడం బాధితురాలికే కాదు, నిష్పాక్షిక విచారణకు కూడా అవసరం.

8. ఆచరణలోని చిక్కులు:

కాల్స్‌ను ఒక ఇంటికి ముడిపెట్టడం వినడానికి తేలిక, ఆచరణలో కష్టం. కాన్సస్ సిటీ అధ్యయనానికి ఎదురైన చిరునామా సమస్య మన పట్టణాలలో మరింత జటిలం. ఒకే ఇంటి నంబరులో నాలుగు పోర్షన్లు ఉండవచ్చు. ‘రేషన్ షాపు వెనుక, వేపచెట్టు పక్కన’ అన్నదే చిరునామా కావచ్చు. అద్దె కుటుంబాలు తరచుగా ఇల్లు మారతాయి. పొరుగువారి ఫోన్ నుంచి కాల్ వస్తే నంబరు ఆధారంగా వెతకడం కుదరదు. అందుచేత నంబరు, స్థలం మాత్రమే కాక బాధితురాలి పేరు, నిందితుని పేరు కూడా నమోదై ఉండాలి. ‘ఇంతకుముందు ఎవరికైనా చెప్పారా?’ అన్న ఒక్క ప్రశ్నను ప్రతి కాల్‌లో అడిగి సమాధానం రాసినా ఈ లోపం కొంత తీరుతుంది.

రెండో చిక్కు గోప్యతకు సంబంధించినది. కలబోసిన సమాచారం ఊళ్ళోకి పొక్కితే ఆమెకు హాని జరుగుతుంది. తిరిగి ఫోన్ చేసినప్పుడు భర్త ఎత్తే అవకాశం ఉంది కాబట్టి, ఏ సమయంలో, ఏ నంబరుకు చేయడం క్షేమమో ముందే అడిగి రాసుకోవాలి. ఫిర్యాదులు ఉపసంహరించుకున్న చరిత్రను ఆమె అబద్ధాలాడుతున్నదనడానికి సాక్ష్యంగా వాడుకునే ప్రమాదమూ ఉన్నది.

మూడో చిక్కు లెక్కింపుకే సంబంధించినది. కాల్స్ ఎన్ని అన్నదానికంటె వాటిలో ఏం చెప్పారన్నది కొన్నిసార్లు ముఖ్యం. గొంతు నులిమిన చరిత్ర ఉన్నచోట తరువాత హత్యాప్రయత్నం జరిగే అవకాశం అనేక రెట్లు ఎక్కువని వైద్య పరిశోధనలు తెలుపుతున్నాయి. మొదటి కాల్‌లోనే ఆ మాట వినిపిస్తే ఐదో కాల్ వరకు వేచి ఉండడం తగదు.

9. ముగింపు:

జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం దేశంలో స్త్రీలపై నేరాల కేసులు 4,45,256 నమోదు కాగా, వాటిలో 31.4 శాతం భర్త లేదా అతని బంధువుల క్రూరత్వానికి సంబంధించినవి. ఆ లెక్క కేసులను చూపుతుంది. ఆ కేసుకు ముందు ఆ ఇంటి నుంచి ఎన్నిసార్లు ఫోన్ వెళ్ళింది, ఎవరు తీసుకున్నారు, ఏమని రాశారు అన్నది అందులో కనిపించదు. పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

• పదేపదే వచ్చే కాల్స్ చాలా సందర్భాలలో ఒకే హింసాక్రమానికి చెందిన భాగాలు. విడివిడిగా నమోదు చేయడం వల్ల ఆ క్రమం కనుమరుగవుతుంది.

• కాల్స్ సంఖ్య ప్రాణాపాయాన్ని నిశ్చయంగా చెప్పలేదు. శ్రద్ధగా విచారించవలసిన ఇంటిని మాత్రం గుర్తించగలదు.

• ఫిర్యాదు ఉపసంహరణ హింస ముగిసిందనడానికి రుజువు కాదు. ఉపసంహరణకు దారితీసిన పరిస్థితులు కూడా నమోదు కావాలి.

• ‘గొడవ’, ‘కలహం’, ‘రాజీ’ అనే పదాలు నమోదులో హింస కర్తృత్వాన్ని మరుగుపరుస్తాయి. ఎవరు ఎవరిని ఏం చేశారన్నది వాక్యంగా రాయడం అవసరం.

• గృహహింస సంఘటన నివేదిక, 2006 నియమావళిలోని తొమ్మిదో నియమం, భద్రతా ప్రణాళిక పత్రం సక్రమంగా అమలైతే, విడి కాల్స్‌ను ఒక చరిత్రగా మార్చడానికి కొత్త చట్టం అవసరం లేదు.

• కాల్స్ ఆగిపోయిన ఇంటిని పరిష్కారమైన ఇంటిగా భావించే ముందు, ఆ స్త్రీని క్షేమకరమైన మార్గంలో సంప్రదించి ఆమె ఎలా ఉన్నదో తెలుసుకోవాలి.